మానస స్కాలర్‌షిప్ బంద్

కోరుట్ల,
6 సెప్టెంబర్ 2011

మల్లాపూర్ బక్కయ్య గారికి,

నిన్న సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు మీ కూతురు మానస స్కాలర్‌షిప్ మా కాలేజీలో బంద్ అయింది. ఆమె చదివే కోర్సును మా దగ్గర ఎత్తేయడంతో టీసీ తీసుకొని సిరిసిల్ల కాలేజీలో రెండో సంవత్సరం చేరింది. ఈ సంగతి తండ్రికి ఉత్తరం ద్వారా తెలపాలని నిబంధన.

ఇట్లు,
మార్కండేయులు,
కాలేజీ గుమాస్తా

తా.క.: ‘రద్దు’ అని రాస్తే తల్లిదండ్రులు భయపడుతున్నారు. అందుకే అందరికీ తెలిసిన మాట రాశాను.

మల్లాపూర్,
8 సెప్టెంబర్

మార్కండేయులు సారుకు బక్కయ్య దండం పెట్టి రాసేది,

స్కాలర్‌షిప్ సుత బంద్‌ల కలిసినందుకు సంతోషం. పోయిన బంద్ నాడు మేం సుత రోడ్డు మీద కూసున్నం. కని సారూ, బంద్ అంటే పొద్దుగాల మొదలైతది, పొద్దుమూకంగ అయిపోతది. మీరు ‘బంద్ అయింది’ అని రాసిండ్రు. అయిపోయినట్టా, ఇంక నడుస్తున్నట్టా?

సిరిసిల్ల కాలేజోళ్లు దసరా లోపట స్కాలర్‌షిప్ రాకుంటే పేరు కొట్టేస్తమన్నరట. కొట్టేస్తే బిడ్డ ఇంటికచ్చి వాళ్లవ్వ పక్కన కూసోని బీడీలు చుట్టుడే.

జై తెలంగాణ.
బక్కయ్య

తా.క.: మా ఇంటామె బాలమణి అడుగుమన్నది. ‘బంద్‌ల పాలకు, దవాఖానకు మినహాయింపు ఉంటది గదా, చదువుకు లేదా?’

కోరుట్ల,
10 సెప్టెంబర్

బక్కయ్య గారికి,

మీరు అనుకున్న బంద్ కాదు. స్కాలర్‌షిప్ ఆగిపోయింది. మా కాలేజీలో మానసకు ఇక రాదు. మీరు విచారించవలసిన పని లేదు.

ఇట్లు,
మార్కండేయులు

తా.క.: ఫోన్ చేయకండి. మీరు నిన్న చేసినప్పుడు కిటికీ కింద ఊరేగింపు పోతోంది. మీది కూడా నినాదమే అనుకొని ‘జై’ అని పెట్టేశాను.

మల్లాపూర్,
12 సెప్టెంబర్

సారూ,

విచారించే పని లేదంటరా? నేను అడుగుడు సుత తప్పేనా? బిడ్డ చదువు గురించి తండ్రి విచారించకుంటే ఎవలు విచారిస్తరు?

ఇయ్యాల జగిత్యాలకు పోయి స్కాలర్‌షిప్‌ల ఆఫీసుల అర్జీ ఇచ్చిన. ‘మానస స్కాలర్‌షిప్ కోరుట్లల మళ్ల చాలు చేయుండ్రి, మొదలువెట్టుండ్రి’ అని. కిటికీ కాడి సారు తీసుకోని, ‘పెద్దసారు రేపు జూస్తడు, పో’ అన్నడు. రేపటిసంది మీ గేటు ముంగట నా రిలే నిరాహార దీక్ష.

జై తెలంగాణ.
బక్కయ్య

తా.క.: రిలే అంటే ఒకలి తర్వాత ఒకలు కూసోవాలెనట. నాకు తోడు దొరకలే. పొద్దుగాల నేను కూసుంట, మాపటికి సుత నేనే.

కోరుట్ల,
14 సెప్టెంబర్

బక్కయ్య గారికి,

ఈ ఉత్తరం రెండుసార్లు చదవండి.

ఒక విద్యార్థికి ఒకేసారి రెండు కాలేజీల్లో స్కాలర్‌షిప్ ఉండదు. మా దగ్గర ఆగితేనే సిరిసిల్లలో మొదలవుతుంది. నేను ఆపింది అందుకే. మీ అర్జీ మంజూరైతే అది మళ్లీ కోరుట్లకు వస్తుంది. ఇక్కడ ఆ కోర్సు లేదు. అక్కడ డబ్బు రాదు. విచారించవద్దంటే దిగులు పడవద్దని, అడగవద్దని కాదు.

నిన్నటి నుంచి సకల జనుల సమ్మె. మా కాలేజీకీ తాళం పడింది. టీ కొట్టు రాజయ్య మా ఇంటికి వచ్చి, ‘సారూ, లోపట పురుగు లేదు, గాయన ఎవల మీద కూసున్నడు?’ అని అడిగాడు.

ఇట్లు,
మార్కండేయులు

తా.క.: నేను గేటు దగ్గరికి వచ్చాను. నిరాహార దీక్షలో ఉన్న మనిషి అన్నానికి వెళ్లాడని చెప్పారు.

మల్లాపూర్,
17 సెప్టెంబర్

మార్కండేయులు సారుకు,

రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చదివిచ్చుకున్న. చాలు అయ్యేదాన్ని నేనే అడ్డం పడి ఆపినట్టయింది.

నిన్న జగిత్యాలకు ఉరికిన. ఆఫీసుకు తాళం. సార్లంత బయట టెంటు కింద ఉన్నరు. ‘నా అర్జీ నాకియ్యుండ్రి’ అని బతిమాలిన. ఒక సారు నా చేతికి మైకు ఇచ్చిండు. బిడ్డ సంగతి మొత్తం మైకుల చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిండ్రు. తాళం తీయలే.

తెలంగాణ రావాలె సారూ, నేను కాదంటలేను. వచ్చినంక అందుల కొలువు చేయాల్నంటే నా బిడ్డ చదవాలె గదా. ఆఫీసు తెరిస్తే నా తరపున మీరు పోయి ఆ అర్జీ వాపసు తీసుకోండ్రి. గిదే నా ఒప్పుకోలు.

బక్కయ్య

తా.క.: మానసకు ఇంక చెప్పలే. ‘అయ్యా, నువ్వు ఉన్నవు గదా, నాకేం రంది లేదు’ అని ఫోన్ల అన్నది. గప్పటిసంది బువ్వ సైస్తలేదు. గిది దీక్ష కాదు.

కోరుట్ల,
29 అక్టోబర్

బక్కయ్యా,

ఉద్యోగులు సమ్మె విరమించారు. నిన్న జగిత్యాల వెళ్లాను. నువ్వు అర్జీ ఇచ్చిన మర్నాడు దాన్ని పెద్ద సారు చూడాలి. సరిగ్గా ఆ రోజే సమ్మె మొదలైంది. అర్జీలు వేసిన సంచి మూతి ఎవరూ విప్పలేదు. నీ అర్జీ పెట్టింది పెట్టినట్టే ఉంది.

కనుక స్కాలర్‌షిప్ తిరిగి కోరుట్లకు రాలేదు. నీ ఉత్తరం చూపించి అర్జీ వాపసు తీసుకున్నాను. కాలేజీలన్నీ మూతపడటంతో సిరిసిల్లవాళ్లు దసరా గడువు పొడిగించారు. మానస పేరు జాబితాలోనే ఉంది.

నవంబర్ 3, గురువారం ఉదయం పదకొండు గంటలకు సిరిసిల్ల కాలేజీలో మానస, నువ్వు ఇద్దరూ సంతకాలు పెట్టాలి. మా కాలేజీ తరఫు కాగితాలతో నేనూ వస్తున్నాను. బస్సులు తిరుగుతున్నాయి. నువ్వు మల్లాపూర్‌లో మొదటి బస్సెక్కు, నేను కోరుట్లలో ఎక్కుతాను. నాకు ఒక సీటు ఆపి ఉంచు.

మార్కండేయులు