కొట్టేసిన సున్నా

అక్కా,

ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. ఇవాళ నాందేడ్‌లో మా పన్నెండో తరగతికి ఆ లెక్కే చెప్పాను. ఒక వక్రం x వర్గం, ఇంకోటి x ఘనం ప్లస్ ఒకటి. ఏ x దగ్గర వాటి స్పర్శరేఖలు సమాంతరంగా ఉంటాయి? ఒకమ్మాయి బోర్డు మీద అవకలజాలను సమానం చేసి 2x = 3x² అని రాసింది. రెండు వైపులా x కొట్టేసి, మూడింట రెండు అని తేల్చింది. అచ్చం ఒకప్పటి నాలాగే.

నిన్ను పన్నెండో తరగతితో చదువు మాన్పించి భోకర్‌లో మన బట్టల దుకాణంలో కూర్చోబెట్టారు. నన్ను నాందేడ్ కాలేజీకి పంపారు. సెలవుల్లో నా నోట్‌బుక్ చూసి అన్నావు, "ఏందే, x ను ఎట్ల కొట్టేసినవ్? సున్నా గూడ జవాబే గద."

"దుకాన్ల కూసునేటోళ్లకు గివన్నీ ఎందుకు?" అన్నాను.

కాలేజీలో సార్ నాకు సగం మార్కులే వేశారు. తర్వాత నువ్వు ఫోన్‌లో అడిగావు, "ఎవలది రైటు?"

నాదే అన్నాను.

"అయితే నేనే మర్చిపోయినట్టున్న," అని నవ్వావు. మళ్లీ ఎప్పుడూ నా నోట్‌బుక్ ముట్టుకోలేదు. నువ్వు పోయేలోపు నిజం చెప్పడానికి నాకు ఏళ్లకేళ్లు టైము దొరికింది. చెప్పలేదు.

ఇవాళ ఆ అమ్మాయి జవాబు పక్కన x = 0 అని కూడా రాసి, "ఇది మా అక్క నేర్పింది," అన్నాను.

"మీ అక్క కూడా లెక్కల టీచరా, మేడం?"

అవునన్నాను. ఈ లెక్క మీద నేనాడిన రెండో అబద్ధం ఇది. దీన్ని మాత్రం సరిదిద్దను.