పొట్ట బిగపట్టిన సున్నాలు

అత్తకు,

నేను ఇక్కడ క్షేమం. నువ్వు అక్కడ క్షేమమని తలుస్తాను.

ఒక సాయం కావాలి. నేను పనిచేసే ఆసుపత్రి కోసం మనసులోని బాధను కొలిచే ఫారం ఒకటి తయారుచేశాను. పది ప్రశ్నలు. గత నెలలో నిద్ర పట్టని రోజులున్నాయా, ఏ పనీ చేయబుద్ధి కాలేదా, ఇలాంటివి. అసలు లేదంటే సున్న, ఎప్పుడూ అంతే అంటే నాలుగు. మొత్తం నలభై. ఎంత ఎక్కువ వస్తే అంత బాధ అన్నమాట. దీన్ని రోగులు కాని ఇరవైమంది మీద పరీక్షించాలి. ఫారం పనికొస్తే నా తాత్కాలిక ఉద్యోగాన్ని ఖాయం చేస్తామన్నారు పెద్ద డాక్టరమ్మ. లేకపోతే నెలాఖరుకు ఇంటికే.

ముక్కూమొహం తెలియనివాళ్ళను ఆపి అడగడం నా వల్ల కాదు. నిన్న ధైర్యం చేసి ఒకావిడ దగ్గరికి వెళ్ళి, టైమెంతైందని అడిగి వచ్చేశాను. నీ కుట్టు దుకాణానికి రోజూ ఎంతోమంది వస్తారు కదా. పేర్లు వద్దు, అంకెలు చాలు. నిండిన ఫారాలు నాకు కాకుండా నేరుగా డాక్టరమ్మకే పంపు. నేను ముందుగా చూడకూడదని నియమం.

నీ మేనకోడలు,
పిచ్చుక

తా.క.: ఎలా నింపాలో చూపడానికి నేనే ఒకటి నింపి పైన పెట్టాను. అన్నీ సున్నాలే. దాన్ని లెక్కలోకి తీసుకోకు.

ఇంకో తా.క.: పార్సిల్లో నా స్కర్టులు రెండున్నాయి. నడుము దగ్గర రెండంగుళాలు బిగించు. ఇక్కడి నీళ్ళకు గుడ్డ సాగుతున్నట్టుంది.


పిచ్చుకకు అత్త దీవెనలు.

ఇక్కడ అంతా క్షేమం. చేతినిండా పని.

నీ ఇరవైమందీ అయిపోయారు. దుకాణానికి వచ్చినవాళ్ళను వచ్చినట్టే కూర్చోబెట్టాను. ఫారం నింపితేగాని బట్టలివ్వనన్నాను. బ్యాంకు గుమాస్తా చెమట తుడుచుకుంటూ, "ఇందులో తప్పు రాస్తే ఏమన్నా అవుతుందా అమ్మా?" అన్నాడు. "పాసవుతావులే, రాయి" అన్నాను. బడిపంతులమ్మ పక్కవాళ్ళది చూసి రాసింది. రేపు పిల్లలను ఏ మొహంతో కొడుతుందో. బేకరీ ఆవిడ ఏడుపు గురించిన ప్రశ్న దగ్గర ఆగి, "ఉల్లిపాయలు తరిగేటప్పుడు వచ్చేది కూడా వెయ్యాలా వదినా?" అంది. అది వద్దన్నాను. కళ్ళు తుడుచుకుని సున్న వేసింది.

ఎదురుగా కొత్తగా దుకాణం పెట్టిన దర్జీ చేత కూడా నింపించాను. అద్దాల తలుపులు, కరెంటు మిషను. రోజంతా పాడుతూ కుడతాడు.

ఫారాలు ఇవాళే డాక్టరమ్మకు పంపేశాను. స్కర్టులు కూడా బిగించి పంపుతున్నాను.

ఇట్లు,
నీ అత్త

తా.క.: భయపడకు. అవసరమైనచోట కాస్త వదులు పెట్టాను.


అత్తకు,

నేను క్షేమమే.

డాక్టరమ్మ పిలిపించారు. మామూలు జనానికి నాలుగో ఐదో రావాలట. మీ వీధి సగటు పధ్నాలుగు. "మా ఆసుపత్రికి వైద్యానికి వచ్చేవాళ్ళ సగటే పదమూడు. అక్కడేం జరిగిందమ్మా, భూకంపమా?" అన్నారు. "కుట్టు దుకాణమండీ" అన్నాను.

మీ వీధివాళ్ళతో మాట్లాడటానికి కౌన్సెలింగ్ చేసే అమ్మాయిలు ఇద్దరు వస్తున్నారు. ఒక్కొక్కరితో గంటసేపు కూర్చుని, అవే ప్రశ్నలకు తాము కూడా అంకెలు వేస్తారు. ఈలోగా నువ్వు నాకు ఒకటి చెప్పాలి. ఫారాల మీద పెన్సిలుతో వేసిన సున్నాలు కొట్టేసి, నీలం సుద్దతో వేరే అంకెలు ఉన్నాయట. వదులు పెట్టడమంటే ఏమిటి?

నీ పిచ్చుక

తా.క.: స్కర్టులు అందాయి. వీలైతే ఇంకో అంగుళం.


పిచ్చుకకు దీవెనలు.

అందరం క్షేమం. దీనికింత కంగారెందుకే?

ముప్పై ఏళ్ళుగా టేపు పడుతున్నాను. టేపు చూశాక మామూలుగా నిలబడ్డ మనిషి ఒక్కరూ కనపడలేదు. అందరూ పొట్ట బిగపట్టేవాళ్ళే. ఆ కొలతకు కుడితే వారం తిరక్కుండా వచ్చి నా మీద అరుస్తారు. అందుకని ముందు "మీ చెల్లెలి ఇల్లు ఎంతదాకా వచ్చింది?" అని అడుగుతాను. చెప్పడంలో పడి పొట్ట వదిలేస్తారు. అప్పుడు కొలుస్తాను. నీ ఫారానికీ అదే చేశాను.

బ్యాంకు గుమాస్తా బ్రహ్మాండంగా నిద్రపోతాడట, సున్న వేశాడు. రెండు నెలల్లో మూడుసార్లు ప్యాంటు బిగించుకెళ్ళాడు. నా కొలతల పుస్తకంలో తేదీలతో సహా ఉంది. హాయిగా నిద్రపోయేవాడి నడుము అలా తరగదు. మూడు వేశాను. పంతులమ్మ ప్రతి చొక్కాకూ అదే గుండీ తెంపుకొస్తుంది, మెలిపెట్టి మెలిపెట్టి. రెండు వేశాను. ఉల్లిపాయల సంగతి చెప్పనే చెప్పాను.

ఎదురు దర్జీకి మాత్రం నలభైకి నలభై. సుఖంగా ఉన్నవాడు అంతసేపు పాడడు.

ఇట్లు,
నీ అత్త

తా.క.: మీ అమ్మాయిలిద్దరూ వచ్చారు. మంచి పిల్లలు. చిన్నామె గోళ్ళు కొరుకుతుంది. ఆమెకు కూడా ఒక ఫారం నింపి ఉంచాను, కావాలంటే చెప్పు.


అత్తకు,

నమస్కారం. కొంప ముంచావు. ఈ మాట మూడుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను.

ఒకరి జవాబును ఇంకొకరు దిద్దితే మా పనిలో దొంగలెక్క కిందే జమ. సోమవారం నేను ఐదుగురు పెద్దల ముందు నిలబడి సంజాయిషీ చెప్పాలి. నిలబడటం వరకు చేయగలను. చెప్పడమే కష్టం. అమ్మాయిలు వేసిన అంకెలు కూడా ఆ రోజే బయటపెడతారు. దాన్నిబట్టి నేను ఉండాలో పోవాలో తేలుస్తారు.

నేను క్షేమం. నా గురించి బెంగ పెట్టుకోకు.

పిచ్చుక

తా.క.: నువ్వు భయపడకు అని రాసినప్పుడే నేను భయపడాల్సింది.


పిచ్చుకకు,

దీవెనలు తర్వాత. తప్పు మా అత్తదని చెప్పు. దుకాణం చిరునామా రాసివ్వు, అడిగేదేదో నన్నే అడుగుతారు.

ఆ ఐదుగురినీ చూసి భయమేస్తే మొహాలు చూడకు, చొక్కాలు చూడు. ఒకరికైనా కాలరు లోపలికి మడతపడి ఉంటుంది. దాంతో మాట్లాడు.

నువ్వు చెయ్యొద్దన్న పని ఒకటి చేశాను. సోమవారం నీకే తెలుస్తుంది. అప్పుడు తిట్టుకుందువుగాని.

నీ అత్త

తా.క.: ఇక్కడ అంతా క్షేమం. ఎదురుగా ఇవాళా పాటే.


అత్తకు,

ఈసారి నేను క్షేమమన్న ఆ మొదటి వాక్యం రాయడం లేదు.

మూడో ఆయన కాలరు మడతపడే ఉంది. ఇరవైమంది పెన్సిలు అంకెలు, నీ సుద్ద అంకెలు, అమ్మాయిల అంకెలు బోర్డు మీద పక్కపక్కన వేశారు. పెన్సిలు సున్నాలు అమ్మాయిల అంకెలతో ఒక్కరికి తప్ప ఎవరికీ కలవలేదు. నీవి పంతొమ్మిదిమందికి ఒకటి రెండు తేడాతో కలిశాయి. ఆ కాలరాయన, "ఈ సుద్ద అంకెలు వేసిన దర్జీగారు ఏం చదువుకున్నారమ్మా?" అన్నారు.

నీ దిద్దుళ్ళు చెల్లవు. అందులో మార్పు లేదు. కానీ ఇకమీదట ఫారం ఇచ్చే ముందు పది నిమిషాలు కబుర్లు చెప్పాలట. ఆ కబుర్లు ఏమిటో నేను రాయాలి. ఉద్యోగం ఖాయమైంది.

అప్పుడు డాక్టరమ్మ కట్టలోంచి ఇరవై ఒకటో ఫారం తీశారు. సున్నాలు నా చేతివి. పైన నీలం సుద్ద. మొత్తం ఇరవై ఆరు. "ఇదెవరిది? ఈ మనిషిని మన అమ్మాయిలు కలవనే లేదే" అన్నారు.

నేను కాలరు వైపు చూశాను.

"నాదండీ. కానీ లెక్క తప్పింది. ఇరవై ఏడు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ పక్క కుర్చీ జరిపి కూర్చోమన్నారు. పదిరోజులు సెలవిచ్చారు. వారానికో గంట తనతో మాట్లాడాలన్నారు. మొదటి గంట అయిపోయింది. గంటా నేనే మాట్లాడాను.

స్కర్టుల గుడ్డ సాగలేదని నీకు ముందే తెలుసు. శుక్రవారం వస్తున్నాను.

నీ పిచ్చుక

తా.క.: నీ లెక్క కలవని ఆ ఇరవయ్యో మనిషి ఎదురు దర్జీ. ఆయనకు వచ్చింది రెండు. పాడటం ఇష్టమట, అంతే. మరి నువ్వు వేసిన నలభై ఎవరివా అని ఆలోచిస్తున్నాను. చేతినిండా పని అంటూనే నా ప్రతి ఉత్తరానికీ అందిన రోజే జవాబు రాశావు. ఖాళీ ఫారం ఒకటి తెస్తున్నాను. నీ చేతికివ్వను. నువ్వు నా స్కర్టులు వదులు చేస్తూ ఉండు, నేను ఏవో కబుర్లు అడుగుతాను.