నలభై మూరల తాడు

ఐషెన్‌ఫుర్ట్ పట్టణ న్యాయాధికారిని, కీర్తిశేషులు పేటర్ లెంప్ కుమారుణ్ణి, యోస్ట్ లెంప్ అనే నేను, అరవై ఎనిమిదేళ్ల వయసులో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా సొంత చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగానే ఉంది. చెయ్యే వణుకుతోంది, భయంతో. అక్షరాలు వంకర పోయిన చోట వేలు పెట్టి చూపించి, ముసలాయనకి మతి చెడిందని నా మేనల్లుడు న్యాయసభకెక్కకుండా ఈ సంగతి ముందే రాసిపెడుతున్నాను. రేపు పొద్దున కొత్త ప్రభువుగారు మొదటిసారి మా ఊళ్లోకి వస్తున్నారు. ఎల్లుండికి నేను ప్రాణాలతో ఉంటానో లేదో, ఉన్నా ఊరి గోడకి లోపల ఉంటానో బయట ఉంటానో నాకు తెలియదు. వీలునామా అమలు జరిపే బాధ్యత మా పేట చర్చి గురువు ఫాదర్ ఆంబ్రోస్‌గారిది.

1. గుర్రాల సంత వీధిలోని రాతి ఇల్లు, పెరడు, నేలమాళిగ నా ఒక్కగానొక్క కూతురు ఊర్సులాకు దానవిక్రయాది సర్వహక్కులతో చెందవలెను. నేలమాళిగ తాళంచెవి మాత్రం ఆమె నడుముకే ఉండాలి, ఆమె భర్త చేతికి పోకూడదు. అక్కడ పదకొండు ద్రాక్షసారా పీపాలున్నాయి. అల్లుడిగారి సంగతి ఊరందరికీ తెలుసు కనుక కారణాలు రాయడం లేదు.

2. నక్కతోలు అంచున్న నా నల్ల అంగరఖా మేనల్లుడు లెన్‌హార్ట్‌కు. ముప్పై ఒక్క ఏళ్లు అది తొడుక్కునే తీర్పులు చెప్పాను. ప్రతి చలికాలమూ వాడు వచ్చి దాని చెయ్యి నిమిరి, “మామయ్యా, ఇది నీకు బరువైపోతోందేమో చూసుకో” అంటాడు. అవును నాయనా, బరువే. తీసుకో. అది తొడుక్కుంటే భయం తగ్గుతుందని నేనూ అనుకున్నాను. తగ్గదు.

3. వంటమనిషి ఆగ్నెస్‌కు నా ఈకల పరుపు, పెద్ద రాగి కాగు, బతికినంతకాలం వెనక గదిలో ఉండే హక్కు. ఈ రెండు రోజులూ నేను ముట్టని పుల్ల క్యాబేజీనీ సాసేజీలనీ వెనక్కి పట్టుకెళ్తూ నన్ను తిట్టినందుకు ఆమెను ఎవరూ ఏమీ అనకూడదు. “వీధి తలుపుకి మూడు గడియలు, పెరటి తలుపుకి రెండు. నేను కోళ్లకి గింజలు వెయ్యాలంటే కిటికీలోంచి దూకాలా అయ్యగారూ? ఎవడొచ్చి మింగుతాడని?” అంది. ఎవడో చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

4. కొత్త ప్రభువుగారి మంత్రి పైదేశం మనిషి, ఆయనా ఈ కాగితం చదువుతాడు గనక మా ఆచారం వివరించాలి. ప్రభువు మొదటిసారి ఊళ్లోకి వచ్చేటప్పుడు ఆయన గుర్రపు జీనుకి వెనకవైపు ఒక తాడు కడతాం. ఊరినుంచి వెలివేసినవాళ్లలో ఎవరెవరు ఆ తాడు పట్టుకుని ద్వారం దాటగలిగితే వాళ్ల శిక్షలు అక్కడితో రద్దు. తాడు అందనివాడు వెనక్కి పోవాలి, మరో ప్రభువు వచ్చేదాకా, అంటే ఈ ప్రభువు పోయేదాకా. ఆ తాడు న్యాయాధికారి ఇంట్లో ఉంటుంది. దాని పొడవు నలభై మూరలు. ఒక వరసగా కాక అటూ ఇటూ నిలబడితే అరవై మందికి పైనే సరిపోతుంది.

మంత్రిగారి దగ్గరినుంచి పోయిన వారం నాకు జాబు వచ్చింది. “ఎనిమిది మూరలు చాలు. దయకైనా ఒక హద్దుండాలి. మొదటి రోజే అంతమందిని క్షమిస్తే మా ప్రభువు మెతక అనుకుంటారు” అని అందులో ఉంది. ఎనిమిది మూరలంటే పన్నెండు మంది, అదీ కండబలం ఉన్న పన్నెండు మంది. ఊరి బయట పచ్చికలో ఇవాళ్టికి అరవై ముగ్గురు దిగారు. కాపలావాళ్లు రాసిచ్చిన జాబితాలో యాభై ఎనిమిదో పేరు ఎండ్రెస్ కోల్బ్, బట్టలకి రంగులద్దేవాడు. అతన్ని వెలివేసింది నేనే.

5. ఈ దఫాలో ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. నేరం ఒప్పుకుంటున్నాను.

ఇరవై రెండేళ్ల కిందట ఒక శనివారం నేనూ ఎండ్రెస్సూ స్నానశాలలో ఒకే వేణ్నీళ్ల తొట్టిలో కూర్చుని జున్ను తింటున్నాం. అంతకు ముందు ఏడాదే పెద్ద ప్రభువుగారు, అంటే ఇప్పటి ప్రభువుగారి తండ్రి, మొదటిసారి ఊళ్లో ప్రవేశించారు. ఆయన తాడు పట్టుకుని లోపలికొచ్చినవాళ్లలో ముగ్గుర్ని ఆయనే ఏవో చిల్లర తప్పులకి ఉరి తీయించారు. “ఒరేయ్ ఎండ్రెస్, మన ప్రభువుగారి దయ గుర్రం మీదున్నంతసేపేరా. ఆయన దిగగానే అదీ లాయంలోకి పోతుంది” అన్నాను. వాడు నీళ్లన్నీ ఒలికేలా నవ్వాడు. ఆ మాట నాది. ఇది రాయడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది.

వారం తిరక్కుండా ఎండ్రెస్ ఆ మాటని సంతలో అన్నాడు. భటులు పట్టుకొచ్చారు. పెద్ద ప్రభువుగారు ఆ రోజు హుషారుగా ఉన్నారు. నా వైపు తిరిగి, “ఏమయ్యా, వీడు వట్టి వాగుడుకాయ అని నువ్వొక్క మాట అను. నేనూ నవ్వేసి వదిలేస్తాను” అన్నారు. నేను నోరు విప్పితే ఎండ్రెస్ కూడా విప్పుతాడేమోనని భయపడ్డాను. “చట్టం తన పని తాను చేసుకుపోవాలి ప్రభూ” అన్నాను. జీవితాంతం వెలి, తిరిగొస్తే తల తీయడం. ఎండ్రెస్ నా ముఖంలోకి చూశాడు. ఆ మాట ఎవరిదో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

క్షమించే అధికారం ప్రభువులదే అంటారు. ఆ రోజు ఆయన దాన్ని నా చేతిలో పెట్టారు. చెయ్యి కాలినట్టు వదిలేశాను. ఆ తరవాత నేను ఎవరినీ క్షమించమని ప్రభువుగారిని అడగలేదు. అడిగితే, అప్పుడెందుకు అడగలేదని ఎవరైనా అంటారని భయం. నన్ను కఠినుడని ఊరు మెచ్చుకుంది. అది కాఠిన్యం కాదు, పిరికితనం.

6. ఏటి ఒడ్డున ఉన్న నా పచ్చిక నేల ఎండ్రెస్ భార్య అపొలోనియాకు, బట్టలు ఆరేసుకోవడానికి, సర్వహక్కులతో. ఇన్నేళ్లూ ఒక్కతే రంగు తొట్లు నడిపింది. ఎప్పుడూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. నిన్న మొదటిసారి నా గుమ్మంలోకి వచ్చింది. మోచేతులదాకా నీలం రంగు.

“మా ఆయన కుడికాలు ఈడుస్తున్నాడట అయ్యగారూ, పచ్చికలో చూసొచ్చినవాళ్లు చెప్పారు. కుర్రాళ్లని తోసుకుని ముందుకి రాలేడు. రేపు తాడు ఎంత పొడుగుంటుంది?”

“చూద్దాంలే అమ్మా” అన్నాను.

“చూసేది మీరేనని తెలుసు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా” అంది. నేను తలుపు వేసుకున్నాను.

ఆమె వెళ్లాక మంచం కింద నుంచి తాడు లాగి, ఎనిమిది మూరలు కొలిచి సుద్దతో గీత గీశాను. గొర్రెబొచ్చు కత్తెర తెచ్చుకున్నాను. నిన్న రెండుసార్లు, ఇవాళ పొద్దున ఒకసారి దాన్ని తాడు మీద పెట్టాను. ఎవరూ నన్ను తప్పుపట్టరు, చేతిలో మంత్రిగారి జాబు ఉంది. ఎండ్రెస్ బయటే ఉండిపోతాడు, నేను నిశ్చింతగా కన్నుమూస్తాను. అతను లోపలికొస్తే ఏం చేస్తాడు? నన్ను పొడుస్తాడా? సంతలో నిలబడి నిజం చెప్తాడా? లేక ఏమీ చెయ్యకుండా, ప్రతి ఉదయం నా ఇంటి ముందునుంచి పోతూ టోపీ తీసి పలకరిస్తాడా? ఈ చివరిది తలుచుకుంటే నాకు ముచ్చెమటలు పడుతున్నాయి.

7. తాడు ఇవాళ మధ్యాహ్నం లాయం అధికారికి అప్పగించాను. నలభై మూరలూ ఉన్నాయి. ఆయన ఎదుటే కొలిపించి చీటీ రాయించుకున్నాను. ఇదేదో నా మంచితనం అనుకోకండి. ఇంకో గంట నా ఇంట్లో ఉంటే కోసేసేవాణ్ణి.

8. రొట్టెలు కాల్చేవాళ్ల సంఘం పెద్ద హెర్మాన్ బుష్‌కు ఏమీ లేదు. తొమ్మిదేళ్లుగా చర్చిలో నా బల్ల మీద కూర్చుంటున్నాడు. ఇకమీదట అది అతనిదే. కాని నేను ఇచ్చినట్టు కాక అతను ఆక్రమించినట్టే పుస్తకంలో రాయాలి.

9. కొత్త ప్రభువుగారికి ఇచ్చేపాటి వస్తువు నా దగ్గర లేదు, ఒక్క విన్నపం ఉంది. రేపు ద్వారం దగ్గర గుర్రాన్ని అదిలించకండి, నడిపించండి. తాడు చివర ముసలివాళ్లూ కుంటివాళ్లూ ఉంటారు. మీకు పంతొమ్మిదేళ్లు. మెతకగా ఉంటే ఎవరూ లెక్కచెయ్యరని మీ చుట్టూ చేరినవాళ్లు రోజూ చెవిలో పోస్తారు. వాళ్లు మీ మేలు కోరి చెప్పడం లేదు, భయపడి చెప్తున్నారు. నేనూ అలా చెప్పినవాణ్ణే కాబట్టి గుర్తుపట్టగలను. క్షమించడం మీకు ఒక్క ఉదయం పని, వాళ్లకి అదే మిగిలిన బతుకంతా.

10. రేపు తెల్లవారగానే నేను ద్వారం దాటి పచ్చికలోకి వెళ్తున్నాను. అక్కడ గుమాస్తా తాడు పట్టుకోబోయే ప్రతివాడినీ పేరు, నేరం అడిగి రాసుకుంటాడు. నావీ చెప్తాను. ఆ తరవాత ఎండ్రెస్ పక్కన, అతను కాలు ఈడ్చేవైపు నిలబడతాను. భుజం కావలిస్తే అతనికి నా భుజం అందుతుంది. కత్తి తెచ్చుకుని ఉంటే దానికీ నేను అందుతాను. నా చెయ్యి తాడుమీద నుంచి జారిపోతే నేనూ వెలివేసినవాణ్ణే. నన్ను గుర్తుపట్టి కాపలావాళ్లు తలుపు తీయకూడదు.

ఎండ్రెస్ కోల్బ్ చేతిలో నేను చచ్చిపోతే, చచ్చినవాడి హక్కు కొద్దీ, నా వారసులందరి తరఫునా అతన్ని ఇప్పుడే క్షమిస్తున్నాను. ఊర్సులా తల్లీ, నా రక్తానికి బదులు అడగకు. ప్రభువుగారి ముందు నిలబడి, అతన్ని వదిలెయ్యమని నోరు తెరిచి చెప్పు. నీ కాళ్లు వణుకుతాయి. వణకనీ. ఇది రాస్తుంటే నా కాళ్లూ వణుకుతూనే ఉన్నాయి.

క్రీస్తు శకం 1471, సెయింట్ గాల్ పండుగకి ముందు రోజు, సాయంత్రం గంట కొట్టకముందు, ఐషెన్‌ఫుర్ట్‌లో.

యోస్ట్ లెంప్
(న్యాయాధికారి ముద్ర వేయలేదు. దాన్ని మధ్యాహ్నమే పట్టణ సభకి తిరిగి ఇచ్చేశాను.)

సాక్షులు:

ఫాదర్ ఆంబ్రోస్, చర్చి గురువు. చదివించుకుని విన్నాను.

బార్టెల్ ష్టూబ్, స్నానశాల నడిపేవాడు. హీనవృత్తి గనక స్నానశాలవాడి సాక్ష్యం మా చట్టంలో చెల్లదని యోస్ట్‌గారికీ ఇతనికీ తెలుసు. అయినా ఆయన పిలిపించారు. ఇతనికి రాయడం రాదు కనుక ఇతను చెప్పిన మాటలనే ఫాదర్ ఆంబ్రోస్ రాశారు: “ఆ శనివారం తొట్టిలో వేణ్నీళ్లు పోసింది నేనే. ఆ మాట ముందు అన్నది అయ్యగారే. నన్నెవరూ అడగలేదు. అడుగుతారేమోనని ఇరవై రెండేళ్లూ హడలి చచ్చాను. ఇవాళ అడిగారు.” ఇది అతని వేలిగుర్తు.