కారులో పోసిన ఆముదం

సూర్యాపేట,
ఆదివారం పొద్దున.

అన్న నర్సింహకు, వదినకు తమ్ముడు సత్తయ్య చేతులు జోడించి రాస్తున్నాను. అమ్మ కాళ్లకు మొక్కానని చెప్పు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మీరంతా ఎట్లా ఉన్నారు? అమ్మ మోకాలి వాపు తగ్గిందా? నిడమనూరులో వాన పడిందా? ఇక్కడ చినుకు లేదు. దొర కారు షెడ్డు రేకుల కింద పడుకుంటే ఒళ్లు ఉడికిపోతున్నది. అయినా బాగానే ఉన్నాను. తిండికి లోటు లేదు. రొట్టె మన జొన్నరొట్టె లాగా ఉండదు, అంతే.

నువ్వు బండి సాయిలుతో పంపిన ఆముదం డబ్బా అందింది. తలకు రాసుకొమ్మని పంపావు. అన్నా, దాని సంగతే రాయాలి. గుండ్రంగా రాస్తున్నాను, కూడబలుక్కుని చదువు. అమ్మకు వినిపించేటప్పుడు మాత్రం ఇక్కడి నుంచి కింద సంతకం దాకా వదిలెయ్యి. నా ఒళ్లు బాగుందని చెప్తే చాలు.

నేనిప్పుడు దొర ఇంట్లో లేను. కోదాడ రోడ్డు మీద, ఊరి చివర ఉన్న బియ్యం మిల్లులో వడ్ల బస్తా మీద కూర్చుని రాస్తున్నాను. గేటు దగ్గర దొర మనిషి కట్టె పట్టుకుని కూర్చున్నాడు. నిన్న కోదాడ పోయిన దొర కారు ఈ మధ్యాహ్నానికి తిరిగి రావాలి. వస్తే నన్ను వదిలేస్తారు. దారిలో ఇంజను పట్టేస్తే నన్ను పోలీసులకు అప్పజెప్తారు, ఆ తర్వాత నీ గడపకు వస్తారు. ఈ ఉత్తరం మళ్లీ సాయిలు చేతికే ఇస్తున్నాను. వడ్లు దించి ఎడ్లకు నీళ్లు పెడుతున్నాడు. పోలీసులు అడిగితే నువ్వు దాచాల్సింది ఏమీ లేదు. ఆముదం తలకు పంపాను, కారుకు కాదు అని చెప్పు. అది నిజం.

జరిగింది మొదటి నుంచి చెప్తాను. చివరిదాకా చదివి అప్పుడు తిట్టు.

ఆ కారు నీకు తెలియదు. ఎనిమిది సిలిండర్లు. యాకూబ్ చిచ్చా గేరు మార్చి తొక్కితే రోడ్డు పక్కన ఎడ్లు తాళ్లు తెంచుకుంటాయి. నాకు పని నేర్పే డ్రైవరు ఆయనే. అట్లాంటి ఇంజనుకు అన్నం కన్నా నూనె ముఖ్యం అంటాడు. లెక్క ప్రకారం మైళ్లు తిరగ్గానే పాత నూనె తీసి కొత్తది పోయాలి. దానికి ఎక్కడికీ పోము, దొర ఇంటి వాకిట్లోనే చేస్తాము. ముందు ఇంజను కాసేపు తిప్పి వేడి చేయాలి, అప్పుడు మడ్డి అంతా కదిలి వస్తుంది. తర్వాత బండిని రెండు రాతి బండల మీదికి ఎక్కించి, కింద దూరి, నట్టు విప్పి, పనికిరాని పాత కుడితి గోలెంలోకి నూనె దింపాలి. చిచ్చా ఆ నల్ల నూనెను రెండు వేళ్ల మధ్య రుద్ది చూస్తాడు, ఇసుక తగిలితే మొహం చిన్నబుచ్చుకుంటాడు. కొత్త నూనె గరాటుకు గుడ్డ కట్టి పోస్తాడు. ఆ పని ఇంతవరకు ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

మొన్న శుక్రవారం దొర కోడలిని, ఇద్దరు పిల్లలను కోదాడలోని ఆమె పుట్టింటికి పంపాలనుకున్నారు. ఇక్కడ సంఘానికీ దొరలకూ నడుస్తున్న గొడవలు నీకు తెలుసు. శనివారం మంచిది కాదని, శుక్రవారం నాలుగు గంటలకు పస్తానం కట్టమని పంచాంగం చూసి అయ్యగారు చెప్పాడట. అంటే ఆ గడియకు ఇల్లు విడిచి ఈ మిల్లుకు వచ్చి రాత్రి ఇక్కడే పడుకుంటే, తెల్లారి ఎప్పుడు బయలుదేరినా శుక్రవారం బయలుదేరినట్టే. ఇట్లాంటివి నాకు నవ్వు తెప్పిస్తాయని నీకు తెలుసు. కానీ అన్నా, ఆ పస్తానమే లేకపోతే ఈ ఉత్తరం ఇంకో తీరుగా రాయాల్సి వచ్చేది.

ఆ మధ్యాహ్నం చిచ్చా నమాజుకు పోతూ అన్నాడు: “నట్టు విప్పి నూనె దిగనియ్యి బేటా. కొత్తది నేనొచ్చినంక పోద్దాం. జల్దీ చెయ్యకు.”

నూనె దింపాను. నట్టు బిగించాను. చూస్తే కొత్త నూనె రెండు డబ్బాలు కావాలి, ఉన్నది ఒకటిన్నర. బెజవాడ వైపు నుంచి సరుకు రావడం లేదు. అప్పుడే దొర లెక్కలు రాసే మున్షీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వాడికి నేనంటే పడదు. నా పెట్టెలో చిన్న పుస్తకాలు ఉన్నాయని వాడికి తెలుసు.

“ఏమ్రా పుస్తకాలోడా, నాలుగ్గొట్టెటాళ్లకు బండి గేటు దాటాలె. గోలెం పక్కన గోళ్లు గిల్లుకుంట కూసున్నవ్?”

“నూనె తక్కువుంది. చిచ్చా రానియ్యి.”

“సాయబు లేకుంటే నీకేం రాదన్నట్టు. లోకం మారుస్తమని రాత్రంత సదువుతవ్, అర డబ్బ నూనెకాడ ఆగిపోయినవ్! మార్చినవ్ తియ్యి!”

అన్నా, ఊరు విడిచిన రోజు నువ్వు నా చేత ఒట్టు వేయించావు, ఎవరి మీదా చెయ్యి ఎత్తనని. పటేలు మనిషిని నేను కొట్టినందుకు నువ్వు వాడి వాకిట్లో చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డావు. అది మరిచిపోలేదు. చెయ్యి ఎత్తలేదు. కానీ కోపం ఎటో ఒక వైపు పోవాలి కదా. విమానాల గురించిన చిన్న పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. పదిమంది చేతులు మారి వచ్చింది, చివరి కాగితాలు లేవు. వెనకటి యుద్ధంలో విమానాల ఇంజన్లకు ఆముదమే పోసేవాళ్లని అందులో ఉంది. అది గుర్తొచ్చింది.

“ఆకాశంల ఎగిరే దానికే ఆముదం పోస్తరు. నీ దొర బండెంత?” అన్నాను.

షెడ్డులోకి పోయి నువ్వు పంపిన డబ్బా తెచ్చాను. ఒకే మగ్గుతో ఒకటిన్నర డబ్బాల నూనె పోసి, పైన అర డబ్బా ఆముదం పోశాను. మున్షీ నోరు తెరుచుకుని చూస్తుంటే నాకు ఎంత గర్వమో! మగ్గులో అడుగున రెండు నూనెలూ కొంచెం మిగిలితే షెడ్డు గోడ మీద పెట్టాను.

చిచ్చా వచ్చేసరికి పెట్టెలు ఎక్కిస్తున్నారు. నూనె కొలిచే పుల్ల తీసి చూశాడు, గీత దాకా ఉంది. “నూనె సరిపోయిందా?” అన్నాడు. మున్షీ ముందు ఏం చెప్పను? “సరిపోయింది” అన్నాను. ఆయనకు జలుబు, వాసన పట్టలేదు. నాలుగు గంటలకు కారు గేటు దాటి మిల్లుకు చేరింది.

నిన్న పొద్దున మొహం కడుగుదామని ఆ మగ్గు తీశాను. రెండు నూనెలు కలవలేదు. రాత్రంతా కదలకుండా ఉండేసరికి విడిపోయి ఒకదాని మీద ఒకటి నిలిచాయి. మధ్యలో చీమిడి లాగా జిగట. పుల్ల పెట్టి తిప్పితే తీగలు సాగింది. కారు కడుపులో ఉన్నదీ ఇదే. చిచ్చా దాన్ని తొక్కుతాడు, నూనె పైకి ఎక్కదు, మునగాల దాటాక ఎక్కడో నిర్మానుష్యంగా ఉన్నచోట ఇంజను పట్టేస్తుంది. లోపల ఇద్దరు పిల్లలు. ఈ రోజుల్లో ఆ రోడ్డు మీద బండి ఆగితే ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? బతికి బయటపడినా సాయబే చెడగొట్టాడంటారు. చూస్తూ ఊరుకున్న తప్పు తన మీదికి వస్తుందని మున్షీ కూడా నా పేరు ఎత్తడు.

ఒక్క క్షణం అనిపించింది అన్నా, నీ దగ్గర దాచను. దొర బండి పాడైతే నాకేం, ఊరుకుంటే సరిపోతుంది కదా అని. ఆ క్షణం ఒక్కటే. మగ్గు పట్టుకుని పరుగెత్తాను, చెప్పులు కూడా వేసుకోలేదు.

మిల్లు గేటు దగ్గర కారు అప్పటికే కూస్తున్నది. దొర, మున్షీ సాగనంపడానికి వచ్చి నిలబడ్డారు. నేను కారు ముందు చేతులు చాపి నిలబడ్డాను.

“ఆపు చిచ్చా! ఆపెయ్యి! దొరా, బండి పోవద్దు!”

ఎవరినీ ఎదురుగా దొరా అని పిలవనని పంతం పట్టాను కదా, ఆ నోటితోనే పిలిచాను. మగ్గు చూపించి అంతా చెప్పాను.

దొర మగ్గులోకి వంగి చూశాడు. మున్షీ అందుకున్నాడు. “నే జెప్పలే దొరా? వీడు సంఘపోడు. పెట్టె నిండ కాయితాలే. కావాలెనని జేసిండు. పోలీసోల్లను పిలుస్త, వీనన్నను నిడమనూరు కెల్లి గుంజుకొస్త, రెక్కలు విరిచి...”

నీ మాట వచ్చేసరికి నా చెయ్యి లేచింది. అన్నా, లేచింది. ఒట్టు తప్పేవాడినే. అంతలో కారు దిగి వచ్చిన చిచ్చా, ఎత్తిన ఆ చేతిలో పానా పెట్టాడు.

“లేసింది కద చెయ్యి. కింద దూరు. నట్టు విప్పు.”

దూరాను. పైన చిచ్చా గొంతు వినబడుతున్నది: “చెడగొట్టేటోడు ఉరికొచ్చి చెప్తడా దొరా? చెప్పకుంటే నేను గిట్లనే పోతుంటి.”

కారు తెర వెనక నుంచి దొర కోడలు అన్నది: “మామయ్యగారూ, ఆ అబ్బాయి మాట తర్వాత చూడండి. ముందు బండి సంగతి చూడమనండి, పిల్లలు ఉడికిపోతున్నారు.” ఆమెది కోదాడ మాట, మెత్తగా ఉంటుంది. దొర అప్పుడు ఊ అన్నాడు.

నూనె దిగింది. చిచ్చా వేళ్ల మధ్య రుద్ది, నా వైపు చూసి, ఒక్క మాట అన్నాడు. “మిల్లు ఇంజనుకు ఏం పోస్తరనుకున్నవ్ బేటా?”

బియ్యం మిల్లు ఇంజనుకు కూడా నూనె కావాలి కదా అన్నా! మిల్లు షావుకారు దగ్గర డబ్బాలు ఉన్నాయి. నమాజు నుంచి వచ్చాక చిచ్చా అడిగి తెచ్చేవాడే. నేను ఆగి ఉంటే చాలు. పల్చటి నూనె పోసి, ఇంజను కాసేపు తిప్పి, అదీ కింద దింపి, మళ్లీ కొత్తది నింపాము. రెండుసార్లు నట్టు నేనే విప్పాను, నేనే బిగించాను. షావుకారు పక్కనే నిలబడి నా చేతులే చూస్తున్నాడు.

బయలుదేరే ముందు దొర అన్నాడు: “బండి మల్ల వచ్చెదాంక వీన్ని ఈన్నే ఉంచుండ్రి.” అంతే.

అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. షావుకారు ఇంటి నుంచి అన్నం వచ్చింది. నన్ను ఎవరూ కొట్టలేదు. నిజంగా కొట్టలేదు. నట్టు గట్టిగానే బిగించాను. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా గట్టిగానే బిగించాను.

సాయిలు ఎడ్లను కడుతున్నాడు, తొందర పెడుతున్నాడు. ఇంకాసేపు ఆగమన్నాను.

అన్నా, కారు వినబడింది. ఆ కూత నాకు తెలుసు, ఎనిమిది సిలిండర్లూ కొడుతున్నాయి. గేటు దగ్గరికి పరుగెత్తాను. ఆగలేదు. దుమ్ము లేపుకుంటూ ఊళ్లోకి పోయింది. “పోయిందిగ నీ బండి” అని కట్టె పట్టుకున్నవాడు నవ్వాడు. చిచ్చా ఎందుకు ఆగలేదో తెలియదు.

ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను. చిచ్చా వచ్చాడు. ముందు దొరకు లెక్క చెప్పి వచ్చాడట. “కోదాడ దాక నూనె ముల్లు కిందికి కదల్లే బేటా. అచ్చేటప్పుడు గుడ కదల్లే.” దొర నన్ను ఇక గేటు లోపలికి రానివ్వడట. పోలీసుల మాట మాత్రం ఎత్తలేదట. ఇక్కడ ఇంజనుకు మనిషి కావాలని షావుకారు అడిగాడట, రేపటి నుంచి రమ్మన్నాడు.

నా రేకు పెట్టె చిచ్చా తెచ్చి ఇచ్చాడు. ఎక్కడ పెట్టి తెచ్చాడనుకున్నావు? కారు వెనక సీటులో, దొర కూర్చునే చోట. మున్షీ వాకిట్లో నిలబడి చూస్తుండగా నా పుస్తకాలు ఆ మెత్త మీద కూర్చుని సూర్యాపేట బజారంతా తిరిగి వచ్చాయి. “ఇగ సదివేదేదో ఆఖరు కాయితం దాక సదువు. ఆ కాయితం లేకుంటే నన్నడుగు” అన్నాడు. ఆయనకు చదువు రాదు.

సాయిలు బండి కింద ఒక డబ్బా కట్టి పంపుతున్నాను. నల్లగా ఉంటుంది, భయపడకు. కారు లోంచి దింపిన నూనె, అందులో నీ ఆముదమే ఉంది. మన బండి ఇరుసుకు పుయ్యి, దానికి ఏ నూనె అయినా ఒకటే. వీలైతే తలకు ఇంకొంచెం ఆముదం పంపు. ఈసారి తలకే రాసుకుంటాను.

వదినకు దండాలు, పిల్లలకు దీవెనలు చెప్పు. అమ్మ చెయ్యి నా తల మీద ఉన్నట్టే అనుకుంటాను. చెయ్యి ఎత్తిన మాట నిజం, కానీ ఎవరి మీదా పడలేదు. దాన్ని ఒట్టు తప్పినట్టు లెక్క వేయకు.

నీ మాట మీద ఉన్న తమ్ముడు,
సత్తయ్య