కాఫీ పళ్లెం

చీపురుపల్లి,
12-5-68

చెల్లీ పద్మా,

కొడైకెనాల్ హోటలు నుంచి నువ్వు రాసిన జాబు అందింది. కిటికీ తీస్తే ఎదురుగా సరస్సేనట, స్నానానికి ముందు నీ కాళ్లకి నూనె రాయడానికి ఓ మనిషట! నాకేం అసూయ లేదు. నేనూ రోజూ నూనెలోనే ఉన్నాను, మా అత్తగారి మోకాళ్లకి రాస్తూ. నిన్న నీ జాబు తలుచుకుంటుంటే, "ఏటే, సెయ్యి ఆగిపోనాది?" అని కసిరింది.

మరిదిగారు నీకు శాలువా కప్పారని రెండుసార్లు రాశావు. ఒక్కసారి చాలు.

ఆయన మనింటికి పెళ్లిచూపులకి వచ్చింది నాకోసం. సిగ్గుతో గడప దాటలేక, కాఫీ పళ్లెం నీ చేతికిచ్చి పంపాను. నిన్ను చూశాక ఆయన నన్ను చూడనేలేదు.

వచ్చేటప్పుడు నాకేమీ తేవద్దు. నేను పుట్టింటికి వెళ్లినప్పుడల్లా అమ్మ ఇంకా ఆ పళ్లెంలోనే కాఫీ ఇస్తోంది. మానమని నువ్వు రాయి. నేను రాస్తే బాగోదు.

నీ అక్క