కాలువలో కూర్చున్న సంగతి

రాజన్నా,

నువ్వు పోయి నేటికి నాలుగేళ్లు. ఇవాళే కరీంనగర్‌లో డాక్టరు నా మూత్రసంచిలోకి గొట్టం వేసి చూసి, "ఏం లేదు, మంచిగున్నది" అన్నాడు. ముందు నీకే చెప్పాలనిపించింది.

ఇరాక్‌లో ఖర్జూర తోటల్లో పని అయిపోగానే మనం కాలువలో నడుములోతు కూర్చునేవాళ్లం. "దిగు తమ్మీ, మన మానేరు లెక్కనే సల్లగున్నది" అని పిలిచేవాడివి. తర్వాత ఇద్దరికీ మూత్రంలో నెత్తురు కనిపించింది. ఎడారిలో ఒంటికి వేడి చేసిందనుకున్నాం. ఇంటికొచ్చాక కూడా సబ్జా నీళ్లు తాగుతూ ఏళ్లు గడిపాం.

నీది క్యాన్సరని, ఆ కాలువ నీళ్లలోంచి ఒంట్లోకి దూరిన పురుగు వల్లే వచ్చి ఉంటుందని డాక్టర్లు చెప్పాక, అంత నొప్పిలోనూ నన్ను పిలిపించి తిట్టావు.

"సబ్జా నీళ్లు బంద్ చెయ్. అది వేడి కాదు. దవాఖానకు పోయి, కాలువల కూసున్నమని సిగ్గువడకుంట చెప్పు."

చెప్పాను. నాలో ఆ పురుగు గుడ్లు దొరికాయి. గోలీలతో తగ్గిపోయింది. అయినా నీలాగే క్యాన్సర్ వస్తుందేమోనని ఏటేటా చూపించుకుంటున్నాను.

అప్పటినుంచీ పారే నీళ్లంటే భయమే. ఇవాళ మాత్రం తిరిగొస్తూ మానేరు దగ్గర బస్సు దిగి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. నువ్వన్నట్టే చల్లగా ఉంది. పక్కన నీకు జాగా వదిలాను.

నీ తమ్ముడు మల్లేశం