గొంతు లావు చేసే పెట్టె

బెమిడ్జి, మిన్నెసోటా
నవంబర్ 6

వెర్నాకు,

పద్దెనిమిదేళ్లుగా రోజూ ఉదయం ఏడింటికి మన గుంపంతా హామ్ రేడియోలో ఒకరితో ఒకరం మాట్లాడుకుంటున్నాం గాని, నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు.

సోమవారం అందరూ వింటుండగా అన్నావు: "ఏంటయ్యా డెల్మర్, డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపుతున్నట్టుంది! ఆ కంప్రెసర్ పెట్టె కాస్త తగ్గించు." అందరూ నవ్వారు. నాకు మనసు చివుక్కుమంది. తక్కినవాళ్లు గొంతు ఎలా ఉన్నా మర్యాదకి నిండు మార్కులేసి "ఐదు-తొమ్మిది, భేషుగ్గా ఉంది" అనేస్తారు. నువ్వూ అలాగే అని ఊరుకోవచ్చుగా?

దాచింది చెప్పేస్తాను. ఏప్రిల్‌లో డాక్టర్ నాకు పార్కిన్సన్స్ జబ్బని తేల్చాడు. చేతులకంటే ముందు గొంతు పోతోంది. కొట్లో డోనట్ అడిగితే అక్కడి అమ్మాయి మూడుసార్లు "ఏంటండీ?" అంటుంది. రేడియోలోనైనా మునుపటి మనిషిలా వినిపించాలని, మాటని లావు చేసే ఆ పెట్టె నాబ్ చివరిదాకా తిప్పాను. మీటరు ముల్లు నిండుగా లేస్తుంటే చిన్నపిల్లాడిలా మురిసిపోయాను. ఇక ఆ ముచ్చటా తీరింది. రేడియో అమ్మేశాను; వచ్చే శనివారం మన గుంపులోని పక్కూరి మార్విన్ వచ్చి పట్టుకుపోతాడు. జాలి మాటలు వినే ఓపిక లేదు, ఎవరికీ చెప్పకు.

నీ నేస్తం,
డెల్మర్ హోగ్లండ్


మైనాట్, నార్త్ డకోటా
నవంబర్ 11

మొండి డెల్మర్‌కు,

కంప్రెసర్ ఏం చేస్తుందో నాకు నేర్పింది నువ్వే. పెద్ద శబ్దాన్ని అణిచి, చిన్న శబ్దాన్ని పైకి లేపుతుంది. మరి నాబ్ చివరిదాకా తిప్పితే ఏమవుతుందనుకున్నావు? మీ వంటింటి ఫ్రిజ్ మోత విన్నాం. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం నువ్వు పడే అవస్థ విన్నాం. వేసవి నుంచీ వింటూనే ఉన్నాం. మామూలు గొంతుతో మాట్లాడి ఉంటే మాకు తెలిసేదే కాదు. అందరి ముందూ "ఒంట్లో బాగాలేదా" అని అడగలేక పెట్టెని తిట్టాను. నవ్వడం మాత్రం తప్పే, క్షమించు.

నేనెవరికీ చెప్పలేదు. నువ్వు రాని ఈ ఉదయం రేడియోలో "డెల్మర్ వంతు వచ్చినప్పుడు..." అని నోరు తెరిచానో లేదో, మన ముసలి ఫ్లాయిడ్ అందుకున్నాడు: "ఆయన మాట్లాడేటప్పుడు ఎవడూ మైకు ముట్టుకోకండి. సన్నగా వస్తే వాల్యూమ్ మనమే పెంచుకుందాం." ఎవరూ కారణం అడగలేదు.

శనివారం మార్విన్ రాడు. నేనే ఫోన్ చేసి రావద్దన్నాను. కోపమొస్తే సోమవారం ఏడింటికి రేడియోలోకి వచ్చి నన్ను తిట్టు. ఆ పెట్టె కట్టేసి, నీ గొంతుతో తిట్టు.

వింటూ కూర్చునే,
వెర్నా ప్రూయిట్